మార్కులు డ్రాయింగుకా? సాఫ్ట్‌వేర్‌కా?



డ్రాఫ్టరుతో షీటు మీద గీసిన రోజుల్లో ఒకరి డ్రాయింగును మరొకరు చూసి చదివేవారు. ఆ కాగితం ఏ కంపెనీదని ఎవరూ అడగలేదు. నేడు కంప్యూటర్లో గీసిన డ్రాయింగు ఒక సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది, మరొకదానిలో తెరుచుకోదు. ఇది చిన్న ఇబ్బంది అని కొట్టిపారేయలేం. సొంత కంప్యూటర్ లేని మనలాంటి వాళ్లకు ఇది మార్కుల సమస్య.

అసలు కారణం ఏమిటి? ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. దాని సొంత ఫైలు డీడబ్ల్యూజీ. ఆ ఫైలు లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. ఇతర సాఫ్ట్‌వేర్లతో ఇచ్చిపుచ్చుకోవడానికి డీఎక్స్ఎఫ్ అనే మరో రకం ఫైలు తెచ్చి, దాని వివరాలను మాత్రం ప్రచురించింది. అందుకే లిబ్రేక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డీఎక్స్ఎఫ్‌లో సేవ్ చేయగలదు, డీడబ్ల్యూజీలో చేయలేదు. త్రీడీ భాగాల కోసం 1994లో వెలువడిన ఐఎస్ఓ 10303 ప్రమాణం ప్రకారం తయారయ్యే స్టెప్ ఫైలు ఉంది. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ దాన్ని తెరుస్తుంది, సేవ్ చేస్తుంది.

విద్యార్థులకు ఆటోక్యాడ్ ఉచితమే కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ ఆటోక్యాడ్ 2024 నడవాలంటే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. హాస్టల్లో పదిమందికి ఒక పాత కంప్యూటర్ ఉంటే అది ఎలా సాధ్యం? పైగా చదువు ముగిశాక ఆ ఉచితం ఉండదు.

కనుక మా అభిప్రాయం ఒక్కటే. టూడీ డ్రాయింగును డీఎక్స్ఎఫ్‌లో, త్రీడీ భాగాన్ని స్టెప్‌లో ఇచ్చినా కాలేజీలు స్వీకరించాలి. మార్కులు కొలతలకు, ప్రొజెక్షన్‌కు వేయాలి గానీ సాఫ్ట్‌వేర్ పేరుకు కాదు.

అడిగే హక్కుతో పాటు మన బాధ్యతా ఉంది. యూనిట్లు సరిచూడకుండా పంపితే 100 మిల్లీమీటర్ల గీత అవతల 100 అంగుళాలుగా, అంటే 2540 మిల్లీమీటర్లుగా తెరుచుకోవచ్చు. కాబట్టి యూనిట్లు డ్రాయింగులోనే రాయాలి. సరిపోల్చుకోవడానికి పీడీఎఫ్ జతచేయాలి. పంపేముందు మరో సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తెరిచి చూడాలి. మామూలుగా స్టెప్‌లో ఆకారం వెళుతుంది, దాన్ని గీసిన క్రమం వెళ్లదు. అందుకే అసలు ఫైలును కూడా దాచుకోవాలి.

ఈ వార్షికోత్సవానికి విచ్చేసే అధ్యాపకుల ముందు అందరం కలిసి ఈ విన్నపం ఉంచుదాం. పేదరికం వల్ల మన డ్రాయింగు తెరుచుకోకుండా పోకూడదు.