కానుకల కాగితములు



బడులు తెరచిన వారమున మావారి తరగతిలో నొక బాలిక, తన పుస్తకములకు అట్టలు లేవని, వానిని సంచిలోనే దాచుకొనెనట. ఆ మాట విని మేము పెట్టె తెరచితిమి. పుట్టినరోజులకును, గృహప్రవేశములకును వచ్చిన కానుకలపై చుట్టిన రంగుకాగితములు అందు ఏండ్లుగా దాచియున్నవి. ఆమె కొక్కతెకే యిచ్చినచో చిన్నబోవునని తలచి, తరగతి పుస్తకములన్నిటికిని అట్టలు వేసితిమి.

కానుక విప్పునపుడు తొందరపడి చింపక, టేపును కత్తెరతో కోసినచో కాగితము చెడదు. ముడుతలు పడినదానిని బరువైన పుస్తకముల క్రింద రెండుదినము లుంచిన సాపగును. పెద్దముక్కలు బొమ్మలకొలువు మెట్లపై పరచుటకును, చిన్నవి చదివింపుల కవరులకును, పేలికలు తోరణములకును పనికివచ్చును. మైదాపిండిని నీళ్లలో ఉడికించిన జిగురే చాలును.

తినుబండారములను మాత్రము వీనిలో చుట్టరాదు. అచ్చుసిరా ఆహారమున కంటును. వార్తాపత్రికలలో ఆహారము చుట్టవలదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించినది. పిడికిట నలిపి విడిచినంతనే విచ్చుకొను మెరుపుకాగితమున సాధారణముగా ప్లాస్టికు కలిసియుండును. దానిని పొయ్యిలో వేయకుడు, పొగ హానికరము.

ఆ బాలిక యిపుడు పుస్తకమును బల్లపైననే ఉంచుచున్నదట. పేరుచీటీలు అంటించుట మాత్రము మేము మరచితిమి. ఎవరి పుస్తకమేదో తెలియక మావారు ఆ వారమంతయు తికమకపడిరి. మీరు మరువకుడు.