తంగరాజ్ పేరు ఎందుకు కొట్టేసినారు?

మొన్న కమిటీ మీటింగులో జరిగిన సంగతి గొంతులో ముల్లు మాదిరి నిలిచిపోయింది. అందుకే రాస్తున్నాము. పొడవైతే క్షమించండి.

పిల్లల ఫుట్‌బాల్ పోటీల్లో మంచి గోల్‌కీపర్‌కు ఇచ్చే కప్పుకు పీటర్ తంగరాజ్ పేరు పెట్టాలని మేము రాసిచ్చినాము. "ఆయన అరవాయన కదా, మనకేం సంబంధం?" అన్నాడు ఒక పెద్దమనిషి. మిగతావాళ్లు తలలూపినారు. పేరు కొట్టేసేదానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ తర్వాత భోజనాల లెక్క మాత్రం గంటన్నర నడిచింది.

తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టినాడు. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకు ఆడినాడు. 1953లో సైన్యంలో, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరినాడు. అప్పటికి ఆయన సెంటర్ ఫార్వర్డ్. గోల్ వేసేవాణ్ణి తెచ్చి గోల్ కాసే చోట నిలబెట్టినారు! మనమైతే ఏం చేస్తాము? పరుగెత్తలేనివాణ్ణి, ఎవరికీ వద్దన్నవాణ్ణి గోల్‌లోకి తోస్తాము. గోల్ పడితే వాణ్ణే తిడతాము. 1955లో ఆ రెజిమెంటు జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. మరుసటి ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో తంగరాజ్ ఉన్నాడు, ఇరవై ఒకటి నిండకముందే. ఆ జట్టుకు కోచ్ హైదరాబాదు రహీం సాబు. నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చుకున్న ఫైనల్లోనూ గోల్ కాసింది ఆయనే.

1953 అంటే ఇంకొకటి. ఆ ఏడే అక్టోబర్ 1న మన బళ్లారి మద్రాసు రాష్ట్రం విడిచి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి. ముందురోజు దాకా అంతా ఒకే జిల్లా. అట్లాంటి ఊళ్లో కూర్చొని "మనవాడా కాదా" అని పేరు చూసి తేలుస్తున్నారు!

మా సంగతికి వస్తాము. మా నాయన రైల్వే ఉద్యోగం వల్ల అరక్కోణంలో తమిళ మీడియంలో చదివినాము. ఇప్పటికీ కూడికలు మనసులో తమిళంలోనే వేస్తాము. సంఘం చందా లెక్కలు పదేండ్లు అట్లా తమిళంలో కూడే మేము తెలుగులో రాసిచ్చినాము. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదే?

మేము పోనీలే, వయసైనవాళ్లము. పోయిన ఏడు ఫైనల్లో మన వీధి జట్టుకు గోల్ కాసిన పిల్లోడు ఇంట్లో మాట్లాడేది తమిళమే. ఆ రోజు మీటింగుకు కుర్చీలు వేసింది వాడే. వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. మరునాడు పొద్దున ప్రాక్టీసుకు రాలేదు. జ్వరమన్నారు వాళ్లమ్మ. మేము అడగలేకపోయినాము.

వచ్చే ఆదివారం మీటింగుకు అదే కాగితం మళ్లీ తెస్తాము. ఈసారి పేరు కొట్టేసేవాళ్లు పక్కనే సంతకం కూడా పెట్టాల.