ఇంప్లాంట్ సైజు ఆపరేషన్‌కు ముందే కాగితం మీదికి రావాలి

క్యాన్సర్‌కు రొమ్ము తీసేశాక తిరిగి నిర్మించే ఆపరేషన్ అయినా, పుట్టుకతోనే సమంగా లేని రొమ్ములను సరిచేసేదైనా, ఇంప్లాంట్ ఎంతది పెట్టాలన్నది బ్రా సైజు అడిగి తేల్చే విషయం కాదు. ఇంప్లాంట్లు వచ్చేది సీసీల్లో. 34బి, 36బి అన్నప్పుడు అక్షరం ఒకటే అయినా కప్పులో పట్టే పరిమాణం ఒకటి కాదు. అదే 300 సీసీ వెడల్పుగా, చదునుగానూ దొరుకుతుంది; వెడల్పు తక్కువై ముందుకు ఎత్తుగానూ దొరుకుతుంది. అందుకే రొమ్ము అడుగు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, చర్మం ఎంత సాగుతుంది, పైన కప్పడానికి కొవ్వు, కండ ఎంత మిగిలాయి అన్నవి ముందు కొలవాలి. ఆ వెడల్పు మించితే అంచులు బయటికి తెలుస్తాయి, ఇంప్లాంట్ చంక వైపు జరగొచ్చు. బరువు ఎక్కువైతే చర్మం పలచబడి కిందికి జారుతుంది, మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఒక పక్కే ఇంప్లాంట్ ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: సహజమైన రొమ్ము వయసుతో, ఒంటి బరువుతో మారుతుంది, ఇంప్లాంట్ ఉన్నది అలా మారదు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం అన్యాయం.

మేం కోరేది ఒక్కటే. కొలతలు, ఎన్ని సీసీల నుంచి ఎన్ని సీసీల దాకా పెట్టవచ్చు, ఆపరేషన్ బల్లమీద అంచనా మారితే ఏ హద్దు దాటకూడదు అన్నవి తెలుగులో రాసి, ఆపరేషన్ చేయించుకునే స్త్రీకి చదివి వినిపించి, సంతకానికి ముందు ఇంట్లో ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. అమెరికాలో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో, నష్టాలు వివరించే చెక్‌లిస్టును రోగితో చదివించి సంతకం తీసుకునే వైద్యులకే ఇంప్లాంట్లు అమ్మాలని ఆంక్ష పెట్టింది. అవి జీవితాంతం ఉండేవి కావన్న హెచ్చరికనూ తప్పనిసరి చేసింది. మన ఆసుపత్రులు అలాంటి చెక్‌లిస్టుకు సైజు కాగితాన్ని కూడా జోడించాలి.

సర్జన్ అనుభవం చాలదా అని అడుగుతారు. లోపలి తీరు కత్తి పెట్టాకే పూర్తిగా తెలుస్తుందన్నది నిజమే, తాత్కాలిక సైజర్ పెట్టి చూసేదీ అందుకే. కానీ అప్పుడు ఆమె మత్తులో ఉంటుంది, అడిగితే చెప్పలేదు. హద్దు ముందే రాసుకుంటే డాక్టరు చేతులు కట్టేసినట్టు కాదు, ఆమె మాట ఆపరేషన్ గదిలోకి వెళ్లినట్టు. శరీరం ఆమెది, పెద్దది కావాలంటే కాదనడానికి మనమెవరం అనేవారూ ఉన్నారు. కోరిక ఆమెదే, దాని పర్యవసానం తెలిసి కోరడమూ ఆమె హక్కే. రద్దీ ఆసుపత్రుల్లో తీరిక ఎక్కడిదంటే, ఇందుకు కావాల్సింది టేపు, కాలిపర్, ఒక కాగితం. త్రీడీ యంత్రాలు అక్కర్లేదు.

డిశ్చార్జి రోజున కంపెనీ పేరు, సీసీలు, సీరియల్ నంబరు ఉన్న కార్డు కూడా ఆమె చేతికి రావాలి. 2019 జూలైలో అలర్గాన్ సంస్థ గరుకు పైపొర ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లను, అరుదైన లింఫోమా ముప్పు వల్ల, ప్రపంచమంతటా వెనక్కి పిలిచినప్పుడు, తమ ఒంట్లో ఉన్నది అదేనా అని చూసుకోవడానికి స్త్రీలకు కావాల్సి వచ్చింది ఆ వివరాలే.