గ్రీస్ ద్వీపాలు: కెమెరా శాంపుల్ కోసమే వెళ్తే సగం మిస్సయినట్టే!

తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటం, వెనకాల సముద్రం. ఫోన్ వాల్‌పేపర్లలో, ట్రావెల్ రీల్స్‌లో ఈ ఫొటో చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరేమో. అది గ్రీస్‌లోని శాంటోరిని ద్వీపంలో ఇయా అనే ఊరు. మంచి కెమెరా ఫోన్ చేతికి రాగానే చాలామంది బకెట్ లిస్టులో చేరిపోయే మొదటి పేరు ఇదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. టెక్నాలజీ అంటే ఇష్టం ఉన్నవాళ్లు గ్రీస్ వెళ్తే శాంటోరినికి ఒకటి రెండు రోజులు చాలు. మిగతా సెలవులన్నీ మనవాళ్లు పెద్దగా పట్టించుకోని ద్వీపాలకు ఇవ్వాలి. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఇంజనీరింగ్ నుంచి నేటి బ్యాటరీ గ్రిడ్ దాకా కళ్లతో చూడదగ్గవి అక్కడే ఉన్నాయి.

ఒకే ఫొటో, లక్షల కాపీలు

శాంటోరినిలో ఉండే జనం సుమారు 15 వేలు. 2023లో అక్కడికి వచ్చిన పర్యాటకులు దాదాపు 34 లక్షలని వార్తలొచ్చాయి. క్రూయిజ్ ఓడల నుంచి దిగేవాళ్లకు రోజుకు 8,000 అని పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది. 2025 జులై నుంచి సీజన్‌లో క్రూయిజ్ ప్రయాణికుల దగ్గర తలకు 20 యూరోలు వసూలు చేస్తున్నారు. పాత రేవు నుంచి ఫిరా ఊరికి మెట్లెక్కించే గాడిదల మీద 100 కిలోలకు మించి బరువు వేయకూడదని 2018లో ఏకంగా నిబంధనే తెచ్చారు. దీన్నిబట్టి ఆ చిన్న దీవి మీద ఎంత భారం పడుతోందో ఊహించుకోండి. అన్నట్టు, ఆ రేవుకు కేబుల్ కార్ ఉంది. గాడిదను వదిలేయండి.

"అందరూ తీసుకుంటున్న ఫొటో నేనూ తీసుకుంటే తప్పేంటి?" అంటారా? తప్పేం లేదు. కానీ లెక్క వేయండి. షెంగెన్ వీసా ఫీజే 90 యూరోలు. దానిపైన విమాన టికెట్లు, కష్టపడి దాచుకున్న లీవులు. మనలో చాలామంది ఈ ట్రిప్ జీవితంలో ఒక్కసారే వేస్తారు. అంత ఖర్చు పెట్టి, ఇప్పటికే వాల్‌పేపర్‌గా దొరుకుతున్న ఫొటోనే మళ్లీ తెచ్చుకోవడం నష్టం బేరం కాదా?

శాంటోరినిలోనూ సూర్యాస్తమయం ఒక్కటే లేదు. ఫిరా నుంచి ఇయాకు అగ్నిపర్వతం అంచు మీదుగా దాదాపు 10 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పొద్దున్నే బయల్దేరితే మూడు గంటల చిల్లరలో చేరుకోవచ్చు, ఎక్కడా టికెట్ లేదు. దక్షిణాన అక్రోతిరి ఉంది. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద మూసుకుపోయిన పట్టణమది. 1967లో తవ్వకాలు మొదలుపెడితే రెండు మూడంతస్తుల ఇళ్లు, వీధుల కింద మురుగు కాలువలు బయటపడ్డాయి. ఆశ్చర్యమేంటంటే, ఆ బూడిదలో మనుషుల అస్థిపంజరాలు దొరకలేదు. ప్రమాదం ముందే పసిగట్టి ఊరు ఖాళీ చేశారని పరిశోధకుల అంచనా.

సామోస్: రెండు వైపుల నుంచి తవ్విన సొరంగం

టర్కీ తీరానికి ఆనుకుని ఉండే సామోస్‌ను పైథాగరస్ పుట్టిన దీవిగా చెబుతారు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న అరిస్టార్కస్‌దీ ఈ దీవే. ఇక్కడ తప్పక చూడాల్సింది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో యుపాలినోస్ అనే ఇంజనీర్ కొండను తొలిచి కట్టించిన నీటి సొరంగం. పొడవు 1,036 మీటర్లు. రెండు జట్లు కొండకు ఆ పక్క నుంచి ఒకరు, ఈ పక్క నుంచి ఒకరు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. జీపీఎస్ లేదు, లేజర్ లేదు. ఒకరినొకరు తప్పిపోకుండా ఉండేందుకు కలిసే చోటికి దగ్గరయ్యాక దారిని కావాలనే వంకర తిప్పారు. అంటే కొలతలో ఎంత తేడా రావచ్చో కూడా ముందే లెక్కలో పెట్టుకున్నారన్నమాట! సొరంగంలో కొంత భాగం సందర్శకులకు తెరిచి ఉంటుంది. కాకపోతే ప్రవేశం బాగా ఇరుకు, భయం ఉన్నవాళ్లు ముందే ఆలోచించుకోండి.

సిమి డైవర్లకు దొరికిన 'కంప్యూటర్'

రోడ్స్ దీవి నుంచి పడవలో సిమి వెళ్లొచ్చు. రంగురంగుల ఇళ్లున్న అందమైన రేవు. ఒకప్పుడు ఇక్కడివాళ్లకు సముద్రపు స్పాంజిలు ఏరడమే జీవనాధారం. 1900లో తుపాను తగ్గేదాకా ఆంటికిథెరా దీవి దగ్గర ఆగిన సిమి డైవర్లకు నీటి అడుగున ఒక పాత ఓడ కనిపించింది. అందులోంచి తీసిన వస్తువుల్లో ఒక ముద్దలో పళ్లచక్రం ఉందని 1902లో గుర్తించారు. అదే ఆంటికిథెరా యంత్రం. 30 కంచు చక్రాలు మిగిలాయి. సూర్యచంద్రుల స్థానాలు, గ్రహణాలు లెక్కగట్టే ఈ యంత్రాన్ని ప్రపంచపు మొదటి అనలాగ్ కంప్యూటర్ అంటారు. 2005లో ఎక్స్‌రే సీటీ స్కానర్‌ను ఏథెన్స్‌కే తీసుకొచ్చి దీన్ని పరీక్షించారు. ఇప్పుడది ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. ద్వీపాలకు పడవ ఎక్కేముందు ఏథెన్స్‌లో సగం రోజు దీనికోసం ఉంచుకోండి.

క్రీట్: ఏఐకి కూడా లొంగని బిళ్ల

క్రీట్ గ్రీస్‌లో అతి పెద్ద దీవి. నోసోస్ రాజభవనం చూసినవాళ్లు హెరాక్లియన్ మ్యూజియంలో ఫైస్టోస్ మట్టిబిళ్లను మాత్రం వదలొద్దు. 1908లో దొరికింది, వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు. రెండు వైపులా సుడి ఆకారంలో గుర్తులు, మొత్తం 45 రకాలు. వాటిని చేత్తో గీయలేదు, అచ్చులతో ఒత్తారు! ఏం రాసుందో ఈరోజుకీ తేలలేదు. అదే దీవిలో దొరికిన లీనియర్ బి లిపిని 1952లో మైఖేల్ వెంట్రిస్ చదవగలిగారు. ఆయన వృత్తి ఆర్కిటెక్ట్. కానీ ఆ లిపికి వేల పలకలున్నాయి, ఈ భాషకు ఉన్నది ఒక్క బిళ్లే. డేటా లేకపోతే ఎంత పెద్ద మోడల్‌కైనా ఇబ్బందే అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సైరోస్, తిలోస్: ఈవీ, పవర్ బ్యాంక్

ఎలక్ట్రిక్ కార్లు నిన్నగాక మొన్న వచ్చాయనుకునేవాళ్లు సైరోస్ దీవిలోని ఎర్ముపోలి పారిశ్రామిక మ్యూజియానికి వెళ్లాలి. ఎన్‌ఫీల్డ్ 8000 అనే రెండు సీట్ల బుల్లి ఎలక్ట్రిక్ కారు అక్కడ ఉంది. 1970ల్లో ఈ దీవిలోనే తయారైంది. పేరు చూసి మన బుల్లెట్‌తో కలిపేయకండి, ఆ కంపెనీ వేరు.

రోడ్స్ నుంచి పడవలో చేరుకోగల తిలోస్‌లో ఉండేది కొన్ని వందల మందే. కరెంటు పక్క దీవి నుంచి సముద్రం కింద కేబుల్ మీద వచ్చేది, తరచూ పోయేది. యూరోపియన్ యూనియన్ సాయంతో ఒక గాలిమర, సోలార్ ప్లాంటు, పెద్ద బ్యాటరీ పెట్టుకున్నారు. ఒక్కమాటలో చెప్పాలంటే ఊరంతటికీ ఒక పవర్ బ్యాంక్. అస్టిపాలెయా దీవిలో అయితే మొత్తం రవాణాను ఎలక్ట్రిక్ చేయడానికి 2020లో ఫోక్స్‌వ్యాగన్‌తో గ్రీస్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. మన దగ్గర చార్జింగ్ స్టేషన్ల గురించి రోజూ వాదించుకునేవాళ్లకు ఇవి బీచ్‌ల కంటే ఆసక్తిగా ఉంటాయని నా నమ్మకం.

వెళ్లేముందు ఇవి చూసుకోండి

- గ్రీస్‌లో కరెంటు 230 వోల్టులే. గుండ్రటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ మామూలుగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌ల మూడు పిన్నుల ప్లగ్‌కు మాత్రం అడాప్టర్ కావాలి.
- యూరప్ మొత్తానికి పనిచేసే ఈసిమ్ ఇక్కడే వేసుకోండి. పడవల్లో సిగ్నల్ పోతుంటుంది, మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దించుకోండి.
- కెమెరా ఉన్న డ్రోన్‌కు 250 గ్రాముల లోపైనా ఆపరేటర్ రిజిస్ట్రేషన్ కావాలి. పురావస్తు స్థలాల మీద అనుమతి లేకుండా ఎగరేయకూడదు.
- జులై, ఆగస్టుల్లో మెల్టెమి గాలి గట్టిగా వీస్తుంది. పడవలు రద్దవుతాయి, వీడియోలో మాట వినపడదు. మే నెల గానీ, సెప్టెంబరు ఆఖరు గానీ మంచిది.
- శాకాహారులు "నిస్తీసిమో" అని అడగండి. అక్కడి ఉపవాస రోజుల వంట, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యల్లాంటివి మాత్రం ఉండొచ్చు, అడిగి తినండి. శాంటోరిని 'ఫావా' అయితే మన ముద్దపప్పుకు చుట్టమే.

నా వెర్డిక్ట్

వారం రోజుల్లో ఆరు దీవులు చుట్టేద్దామనుకోకండి. రోజులన్నీ పడవల్లోనే గడిచిపోతాయి. ఏథెన్స్ ఒక రోజు, ఆ తర్వాత ఒక దారి ఎంచుకోండి: క్రీట్, శాంటోరిని గానీ, రోడ్స్, సిమి, తిలోస్ గానీ. నన్నడిగితే నా ఓటు రెండోదానికే. సిమి రేవులోనూ సూర్యుడు అస్తమిస్తాడు. అక్కడ ఫొటో తీయడానికి గంటల తరబడి జనం మధ్య నిలబడక్కర్లేదు. మీరు తెచ్చిన ఫొటో చూసి "ఇదెక్కడ?" అని ఫ్రెండ్స్ అడుగుతారు. ఇయా ఫొటోకి ఆ ప్రశ్న ఎవరూ వేయరు.