గడియారం తీర్పు చెప్పదు

సైకిల్ తొక్కడం రానివాళ్లు మన హాస్టల్లో దాదాపు ఉండరు. వెనక ట్రంకు పెట్టె కట్టుకుని, నాన్నో అన్నయ్యో తొక్కుతుంటే ముందు కూర్చుని ఈ గేటు లోపలికి వచ్చినవాళ్లమే మనలో చాలామందిమి. దారిలో ఎత్తు వస్తే దిగి నడిపించుకుంటూ పోవడం కూడా మనకు తెలుసు. అలాంటి సైకిల్ మీద పద్నాలుగు కిలోమీటర్ల కొండను దిగకుండా, ఆగకుండా నలభై నిమిషాల్లో ఎక్కేవాళ్లు ఉన్నారు. ఫ్రాన్స్‌లో మూడు వారాలపాటు జరిగే టూర్ డి ఫ్రాన్స్ పందెంలో వాళ్లను చూడవచ్చు. వాళ్లను చూసి చప్పట్లు కొట్టాలా, అనుమానించాలా అనే వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది. అందులో మా అభిప్రాయం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు లెక్క చూద్దాం. ఆల్ప్స్ పర్వతాల్లో ఆల్ప్ ద్యూయెజ్ అనే కొండదారి ఉంది. పొడవు 13.8 కిలోమీటర్లు, మలుపులు 21, సగటు వాలు 8.1 శాతం. అంటే కింది నుంచి పైకి సుమారు 1,100 మీటర్ల ఎత్తు. ఇటలీకి చెందిన మార్కో పంతానీ 1997లో దీన్ని 37 నిమిషాల 35 సెకన్లలో ఎక్కాడని ఎక్కువగా రాస్తారు. చదునైన రోడ్డు మీద సైకిల్‌కు గాలే పెద్ద శత్రువు. ముందువాడి వెనక నక్కితే చాలా శ్రమ తగ్గుతుంది. కొండ మీద ఆ వెసులుబాటు తక్కువ. అక్కడ పోరాటమంతా గురుత్వాకర్షణతోనే. స్థితిశక్తికి మనం ఇంటర్లో చదువుకున్న ఎంజీహెచ్ సూత్రం చాలు. మనిషి, సైకిల్ కలిపి 65 కిలోలనుకుంటే, ఆ సమయంలో అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికే 300 వాట్లకు పైగా కావాలి. మన డార్మిటరీలో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్లు నాలుగింటికి సరిపడే కరెంటు అది. గాలి, టైర్ల రాపిడి అదనం. అందుకే కొండ ఎక్కిన సమయాన్ని బట్టి మనిషి శక్తిని లెక్కగట్టే అలవాటు వచ్చింది.

ఆ అలవాటుతోపాటే అనుమానమూ వచ్చింది. ఊరికే రాలేదు. మన మూత్రపిండాలు ఈపీవో అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. అది రక్తంలో ఎర్రకణాలను పెంచుతుంది. ఎర్రకణాలు పెరిగితే కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది. రోగుల కోసం కృత్రిమంగా తయారుచేసిన ఈ మందును 1990ల్లో సైకిల్ పందేలవాళ్లు దొంగచాటుగా వాడారు. దాన్ని పట్టే పరీక్ష 2000 సంవత్సరం దాకా లేదు. అప్పటివరకు రక్తంలో కణాల శాతం 50 దాటితే పందెం ఆపించడం ఒక్కటే మార్గం. 1999 ఇటలీ పందెంలో, గెలుపు ముంగిట ఉన్న పంతానీని 52 శాతం వచ్చిందని పంపించేశారు. 1998 టూర్ నాటి నమూనాలను తర్వాత మళ్లీ పరీక్షిస్తే అతని నమూనాలో ఈపీవో ఆనవాళ్లు కనిపించాయని 2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక బయటపెట్టింది. అప్పటికి అతను చనిపోయి తొమ్మిదేళ్లు. 2004లో ఒక హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు. వయసు 34.

అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ అందరికీ తెలిసిందే. 1999 నుంచి 2005 వరకు వరసగా ఏడు టూర్లు గెలిచాడు. ఎన్ని పరీక్షలు చేసినా పట్టుబడలేదని చెప్పుకునేవాడు. 2012లో ఆ ఏడు బిరుదులూ ఊడిపోయాయి. 2013 జనవరిలో టీవీ ముందు కూర్చుని తప్పు ఒప్పుకున్నాడు.

అయితే మాకు ఈ మొత్తం చరిత్రలో వీళ్లిద్దరికంటే ముఖ్యుడు ఇంకొకడు ఉన్నాడు. పేరు క్రిస్టోఫ్ బాసోన్స్. ఫ్రాన్స్ కుర్రాడు. 1998లో మందుల కారుతో పట్టుబడి టూర్ నుంచి గెంటివేయబడ్డ ఫెస్టినా జట్టువాడు. ఇతను మాత్రం మందు ముట్టలేదని ఆ జట్టు సహచరులే చెప్పారు. 1999లో వేరే జట్టుతో టూర్‌కు వచ్చి, ఈ వేగాలు నమ్మశక్యంగా లేవని ఒక పత్రికలో రాశాడు. ఆల్ప్ ద్యూయెజ్‌కు వెళ్లే రోజున ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి, ఇంటికి పొమ్మని ముఖం మీదే చెప్పాడు. మిగతావాళ్లు మాట్లాడటం మానేశారు. సొంత జట్టు కూడా అండగా నిలవలేదు. కొద్ది రోజులకే పందెం మధ్యలో వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. దొంగ పసుపు చొక్కా వేసుకుని పారిస్ చేరాడు. నిజం చెప్పినవాడు రైలెక్కాల్సి వచ్చింది. డోపింగ్ వల్ల నష్టపోయేది ఎవరని ఎవరైనా అడిగితే మేము ఈ ఒక్క పేరు చెబుతాం.

కాబట్టి అనుమానించడమే తప్పు అనేవాళ్లతో మేము ఏకీభవించం. అలాగని సమయాల పట్టిక చూపించి "వీడూ దొంగే" అనేవాళ్లతోనూ ఏకీభవించం.

2024 జూలై 14న ఏం జరిగిందో చూడండి. పిరనీస్ పర్వతాల్లో ప్లాటో ద బెయ్ అనే కొండ ఉంది. 1998లో పంతానీ దాన్ని సుమారు 43 నిమిషాల్లో ఎక్కాడు. నమూనాలో ఈపీవో దొరికింది ఆ ఏడాది టూర్‌లోనే. ఇరవై ఆరేళ్ల తర్వాత స్లొవేనియాకు చెందిన తదేయ్ పోగాచార్ అదే కొండను 40 నిమిషాల లోపే ఎక్కాడు. మందు తీసుకున్నవాడి కంటే మూడు నిమిషాలకు పైగా ముందు! వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. మాకూ వచ్చింది.

కానీ లెక్కల్లో ఒక నియమం ఉంది. రెండు సంఖ్యలను పోల్చేముందు అవి ఒకే పరిస్థితుల్లో వచ్చాయా అని చూడాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ 2004లో ఆల్ప్ ద్యూయెజ్ ఎక్కింది ఒంటరిగా, ఆ ఒక్క కొండే ఆ రోజు పందెం. మిగతా ఏళ్లలో అదే కొండ సుదీర్ఘమైన రోజు చివర వచ్చేది. గడియారం నొక్కే చోటు కొన్ని వందల మీటర్లు జరిగినా నిమిషం తేడా వస్తుంది. గాలి వెనక నుంచి వీస్తే ఒక లెక్క, ఎదురుగా వీస్తే ఒక లెక్క. ప్లాటో ద బెయ్ మీద ఆ రోజు ప్రత్యర్థి జట్టు కింది నుంచే వేగం పెంచింది. రెండో, మూడో స్థానాల వాళ్లూ పంతానీ సమయాన్ని దాటేశారు. సైకిళ్లు, టైర్లు, బట్టలు మారాయి. తిండి కూడా మారింది. నేటి ఆటగాళ్లు పందెంలోనే గంటకు వంద గ్రాముల పైన పిండిపదార్థం తీసుకుంటున్నారు. వీటన్నిటికీ కలిపి మూడు నిమిషాలు సరిపోతాయా? కొందరు సరిపోతాయంటారు, కొందరు కాదంటారు. పోగాచార్ మాత్రం ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు, అతనికి ఏ శిక్షా పడలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఇదే మాట చెప్పుకున్నాడు కదా అనవచ్చు. నిజమే. కానీ ఒకడు అబద్ధమాడాడు కనుక అదే మాట అన్న ప్రతివాడూ అబద్ధమాడినట్టేనా?

ఈ ప్రశ్న మాకు ఎక్కడో ఫ్రాన్స్‌లోది అనిపించదు. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మాలో ఒకడికి ప్రీఫైనల్ లెక్కల పేపర్లో 96 వచ్చాయి. "హాస్టల్ వాడికి ఇన్ని ఎలా వచ్చాయి?" అన్నారు. మరునాడు వాడొక్కడినే కూర్చోబెట్టి వేరే పేపర్ ఇచ్చారు. 94 వచ్చాయి. పేపర్ చేతికిచ్చి వెళ్లమన్నారు, అంతే. ఆ రాత్రి వాడు మెస్సుకు రాలేదు. పరీక్ష పెట్టినందుకు కాదు, ముందే నిర్ణయించుకుని పెట్టినందుకు వాడు బాధపడ్డాడు. ఇంకో ఏడు ఒక పరీక్షా కేంద్రంలో కిటికీలోంచి చీటీలు లోపలికి వచ్చాయి. రాత్రింబగళ్లు చదివినవాళ్ల కంటే చీటీలు అందుకున్నవాళ్లకు ఎక్కువ మార్కులు వచ్చాయి. చూసినవాళ్లం మేము కూడా నోరు మెదపలేదు. బాసోన్స్ పక్కన మౌనంగా సైకిల్ తొక్కినవాళ్లను తిట్టే హక్కు మాకు ఎంత ఉందో ఆలోచించుకోవాలి.

అనుమానం ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో ఈ రెండు అనుభవాలూ మాకు నేర్పాయి. గడియారం చూసి ప్రశ్న అడగాలి. జవాబు మాత్రం రక్తం, పత్రాలు, సాక్షులు చెప్పాలి. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పట్టించింది స్టాప్‌వాచ్ కాదు. 26 మంది ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యం. అందులో 11 మంది అతని సహచరులే. 2008 నుంచి ప్రతి ఆటగాడి రక్తం లెక్కలను ఏళ్ల తరబడి నమోదు చేసే పద్ధతి వచ్చింది. నమూనాలను పదేళ్ల వరకు దాచి మళ్లీ పరీక్షించే వీలుంది. ఇవి ఇంకా గట్టిపడాలి. పెద్ద జట్లు తమ ఆటగాళ్ల శక్తి లెక్కలను స్వతంత్ర నిపుణుల చేతికి ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, లోపలి నుంచి నిజం చెప్పేవాడు మళ్లీ ఒంటరిగా ఇంటికి పోకూడదు.

మిత్రులారా! రేపు మనలో కొందరు టీచర్లవుతారు, అధికారులవుతారు, పరీక్షా హాలులో నిలబడతారు. ఒక పిల్లవాడి మార్కులు చూసి మనకూ అనుమానం రావచ్చు. అప్పుడు ఇంకో పేపర్ ఇవ్వండి, తప్పులేదు. కానీ ఆ పిల్లవాడు 94 తెచ్చుకుంటే భుజం తట్టి "బాగా రాశావురా" అనడం మరచిపోకండి. మావాడు ఆ మాట కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాడు.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)