వికల్పమే వ్యూహం

బలవంతుడు బలహీనుణ్ణి గెలవడంలో వింత లేదు. తనకంటె బలవంతుడైన ప్రత్యర్థిని వివేకంతో నిలువరించగలిగినప్పుడే ఆట మనలో ఆలోచనను రేకెత్తిస్తుంది. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ క్రీడలో 'ఆప్షన్' అనే పేరుతో ప్రసిద్ధి కెక్కిన దాడి పద్ధతి అటువంటిది. ఆప్షన్ అంటే వికల్పం. ఈ పద్ధతికి కాలం చెల్లిందని ఆ దేశంలో చాలామంది తోసిపుచ్చారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించలేను.

ముందుగా ఆట స్వరూపాన్ని తెలుసుకుందాం. ఇది మనమెరిగిన కాలిబంతి ఆట కాదు. రెండు కొనలూ సన్నగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తడం, ముందున్న సహచరునికి విసరడం ఇందులో ప్రధానం. ఒక్కొక్క పక్షంలో పదకొండుమంది ఉంటారు. బంతి చేత ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు అవకాశాలు లభిస్తాయి. లేకుంటే బంతి ఎదుటి పక్షానికి దక్కుతుంది. దాడిని నడిపే సారథిని క్వార్టర్‌బ్యాక్ అంటారు.

సాధారణమైన ఎత్తుగడలో బంతి ఎవరి చేతికి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆప్షన్ పద్ధతిలో ఆ నిర్ణయం ఆట మొదలైన తరువాత జరుగుతుంది. మూడు వికల్పాలు గల 'ట్రిపుల్ ఆప్షన్'ను ఉదాహరణగా తీసుకుందాం. ఎదుటి పక్షంలోని ఇద్దరు రక్షకులను ఎవరూ అడ్డగించకుండా కావాలనే వదలివేస్తారు. సారథి బంతిని ఫుల్‌బ్యాక్ అనే ఆటగాని పొట్ట దగ్గర ఉంచి, మొదటి రక్షకుని వైపు చూస్తాడు. అతడు ఫుల్‌బ్యాక్ మీదికి రాకపోతే బంతిని ఇచ్చివేస్తాడు. వస్తే బంతిని వెనుకకు లాగుకొని తానే పక్కకు పరుగెత్తుతాడు. అక్కడ రెండవ రక్షకుడు ఎదురవుతాడు. అతడు సారథిని పట్టబోతే, బంతి వెంట పరుగెత్తే సహచరుని చేతికి వెళుతుంది. సహచరుని వైపు మళ్లితే సారథి తానే ముందుకు దూసుకుపోతాడు. ఇదంతా రెండు మూడు క్షణాలలో ముగిసిపోతుంది.

మన అవధాన విద్యలోని నిషేధాక్షరిని ఎరిగినవారికి ఈ మర్మం సులభంగా బోధపడుతుంది. అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని నొచ్చుకోడు, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా మరొక అక్షరాన్ని గ్రహిస్తాడు. ఎదుటివాడు మూసిన తలుపే తెరచి ఉన్న మరొక తలుపును చూపుతుంది. ఆప్షన్ సారథి చేసే పని కూడా ఇదే. దీనిని మోసమనడం సరికాదు. మోసగాడు ఒకటి నిశ్చయించుకొని మరొకటి నటిస్తాడు. ఇక్కడ సారథికి కూడా తన తరువాతి అడుగు ముందుగా తెలియదు.

ఈ పద్ధతికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1941లో మిస్సోరి విశ్వవిద్యాలయ శిక్షకుడు డాన్ ఫారట్ 'స్ప్లిట్ టి' అనే అమరికతో దీనికి బాట వేశాడు. ఆ అమరికతోనే ఓక్లహోమా జట్టు 1953 నుండి 1957 వరకు వరుసగా 47 ఆటలు గెలిచింది. 1968లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎమరీ బెలార్డ్ అనే సహాయ శిక్షకుడు 'విష్‌బోన్' అనే అమరికను రూపొందించాడు. కోడి రొమ్ములో రెండు పాయలుగా చీలి ఉండే ఎముకను పోలి ఉండడం చేత దానికి ఆ పేరు వచ్చింది. మొదటి ఆటలో సమ ఫలితం, రెండవ ఆటలో ఓటమి ఎదురైనా ప్రధాన శిక్షకుడు డారెల్ రాయల్ పద్ధతిని విడువలేదు. సారథిని మాత్రం మార్చాడు. అటు తరువాత ఆ జట్టు వరుసగా 30 ఆటలు గెలిచింది. కొత్త ప్రయత్నాన్ని రెండు వారాలకే విడిచిపెట్టి ఉంటే ఆ విజయ పరంపర ఉండేది కాదు.

నన్ను ఎక్కువగా ఆకర్షించినవి బలహీనుల విజయాలు. అమెరికా సైనిక విద్యాలయాలకు భారీకాయులైన ఆటగాళ్లు దొరకడం కష్టం. అక్కడ చదివేవారు సైనికులకు తగిన దేహ ప్రమాణాలకు లోబడి ఉండాలి. పట్టా పొందిన తరువాత సైన్యంలో పనిచేయాలి. అందుచేత ఆ విద్యాలయాలు దశాబ్దాలుగా ఆప్షన్‌ను ఆశ్రయించాయి. ఇద్దరు రక్షకులను అడ్డగించే పని లేనందున మిగిలినవారి మీద బలగం పెరుగుతుంది. వారం వారం ఇతర పద్ధతులను ఎదుర్కొనే ప్రత్యర్థులకు దీనిని అభ్యసించే వ్యవధి కూడా తక్కువ. 2007లో నౌకా విద్యాలయం నోటర్‌డామ్ జట్టును 46-44 తేడాతో ఓడించి, 43 ఏళ్ల వరుస పరాజయాలకు స్వస్తి చెప్పింది. 2013లో దిగువ శ్రేణికి చెందిన జార్జియా సదరన్ జట్టు ముందుకు విసిరిన బంతి ఒక్కటైనా సహచరునికి అందకపోయినా, ప్రఖ్యాతమైన ఫ్లోరిడా జట్టును 26-20తో గెలిచింది.

ఆక్షేపణలు లేకపోలేదు. ఈ పద్ధతిలో సారథికి దెబ్బలు ఎక్కువ. వెనుకబడిన జట్టు కొద్ది నిమిషాలలో అంతరాన్ని పూడ్చుకోవలసి వచ్చినప్పుడు ఇది చాలదు. వృత్తి క్రీడా జట్లు బంతి విసిరే సారథులనే కోరుకుంటాయి కనుక భవిష్యత్తును ఆలోచించే యువకులు దీనికి దూరమవుతారు. ఇవన్నీ నిజమే. ప్రత్యర్థి కాళ్ల మీద పడి అడ్డగించడం ఈ పద్ధతిలో ఒక అలవాటుగా ఉండేది. మధ్యభాగం వెలుపల నడుము కింద అడ్డగించడాన్ని 2022లో కళాశాలల క్రీడా నియమావళి నిషేధించింది. ఎదుటివాని మోకాలు విలువైనది. ఆ నిషేధం న్యాయమైనదనే నా అభిప్రాయం.

కాని లోపాలున్నాయని సొంత బాటను విడిచి అందరి బాటను పట్టడం వివేకమనిపించుకోదు. ఆప్షన్‌తో 1994, 1995, 1997 సంవత్సరాలలో జాతీయ విజేతగా నిలిచిన నెబ్రాస్కా జట్టు 2004లో బంతి విసిరే పద్ధతికి మారింది. ఆ సంవత్సరం, 1961 తరువాత తొలిసారిగా, దాని ఓటములు గెలుపులను మించాయి. ఓటమికి కారణం ఒక్కటే ఉండదు. అయినా ఇందులో హెచ్చరిక ఉంది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం కూడా కొత్త నిబంధనను చూసి 2023లో తన పద్ధతిని చాలవరకు మార్చుకొని, ఆరు గెలిచి ఆరు ఓడింది. మరుసటి ఏడు మళ్లీ పాత ఆప్షన్ వైపు మళ్లి, 12 ఆటలు గెలిచి, తన చరిత్రలో తొలిసారి సమాఖ్య విజేత అయింది. నిబంధన మారలేదు. ఆ హద్దులలోనే తన విద్యను సానపట్టుకున్నది.

వీటన్నిటికంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. 2024 నుండి ఆ దేశపు ప్రథమ శ్రేణి కళాశాలల ఆటలో శిక్షకుడు సారథి శిరస్త్రాణంలోని చిన్న యంత్రం ద్వారా మాట్లాడవచ్చును. అయితే బంతి కదలక ముందే ఆ మాట ఆగిపోవాలి. ఆగిన తరువాత ఇరవై ఏళ్ల యువకుడు ఒంటరిగా మిగులుతాడు. ఆప్షన్ పద్ధతి ఆ ఒంటరితనాన్ని లోపంగా భావించదు. దాని మీదనే తన సౌధాన్ని నిర్మించుకుంటుంది. శిక్షకుడు ఏడాది పొడవునా నేర్పుతాడు, ఆ క్షణాన మాత్రం శిష్యుని కంటిచూపును నమ్ముతాడు. శిష్యుడు బంతిని సహచరునికి అందించి, తనమీద పడే దెబ్బను తాను భరిస్తాడు. చప్పట్లు మరొకరికి దక్కుతాయి.

విద్యార్థులారా! నేర్పినదంతా అప్పజెప్పించుకోవడమే చదువు అని భావించే పెద్దలకూ, ఎవరైనా చెబితే తప్ప అడుగు వేయలేని పిన్నలకూ ఈ ఆట ఒక ప్రశ్న వేస్తున్నది. గురువు మాట ఆగిపోయిన తరువాత ఎదుట ఉన్నదానిని చూచి నిర్ణయించగల శక్తి మనలో ఎంత ఉన్నది? ఆ శక్తిని పెంచని శిక్షణ, ఎన్ని విజయాలు తెచ్చినా, అసంపూర్ణమే.