కోర్టు కొత్తది సరే, జడ్జిని పట్టేదెవరు?

అవినీతి కేసులు తెమలట్లేదంటే మన దగ్గర వినిపించే మందు ఒకటే: ప్రత్యేక కోర్టు పెట్టండి. ఇండోనేషియా ఆ పని మనకంటే శ్రద్ధగా చేసింది.

అధ్యక్షుడు సుహార్తో దిగిపోయిన నాలుగేళ్లకు, 2002 చట్టంతో కేపీకే అనే దర్యాప్తు సంస్థనూ, దాని కేసుల కోసం జకార్తాలో ‘తిపికోర్’ కోర్టునూ పెట్టారు. ఐదుగురి బెంచిలో ముగ్గురు సర్వీసు జడ్జీలు కారు, బయటినుంచి తెచ్చినవాళ్లు. బదిలీ భయం, ప్రమోషన్ ఆశ లేనివాళ్లదే మెజారిటీ అన్నమాట. తీర్పుకు గడువు 90 పనిదినాలు. ఏళ్లపాటు అక్కడ కేపీకే కేసు ఒక్కటీ వీగిపోలేదు. అందరికీ శిక్షే పడే కోర్టంటే నాకు కాస్త గుబులే. కాకపోతే, మొదలుపెట్టిన దర్యాప్తును మధ్యలో మూసేసే అధికారం అప్పట్లో కేపీకేకు లేదు. సాక్ష్యం గట్టిగా ఉంటే తప్ప కేసు ముట్టుకునేది కాదు.

ఒకే నేరానికి రెండు రకాల కోర్టులేమిటని 2006లో రాజ్యాంగ న్యాయస్థానం అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. దాంతో 2009లో వచ్చిన కొత్త చట్టం తిపికోర్‌ను రాష్ట్ర రాజధానులన్నిటికీ విస్తరించింది. బెంచిలో బయటివాళ్లు ఎందరుండాలో ఏ కోర్టుకు ఆ కోర్టు పెద్దకే వదిలేసింది. అన్ని ఊళ్లకూ సరిపడా నిఖార్సయిన మనుషులు ఎక్కడ దొరుకుతారు? 2011లో బెకాసి మేయర్‌ను బాండుంగ్ తిపికోర్ కోర్టు వదిలేస్తే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆరేళ్ల జైలు వేయాల్సి వచ్చింది. 2012లో, సరిగ్గా వాళ్ల స్వాతంత్ర్య దినాన, ఇద్దరు తిపికోర్ జడ్జీలే లంచం కేసులో కేపీకేకు చిక్కారు. ఇద్దరూ బయటినుంచి తెచ్చినవాళ్లే!

కాబట్టి బయటి జడ్జీలతోనే అంతా బాగుపడుతుందని నేననను. నాకు ముఖ్యమనిపించేది ఆ జడ్జీల్ని పట్టుకోగల చెయ్యి ఒకటి ఉండటం. 2013లో కేపీకే ఏకంగా రాజ్యాంగ న్యాయస్థానం ప్రధాన న్యాయమూర్తి అకిల్ మొఖ్తార్‌నే పట్టుకుంది. మరుసటి ఏడాది తిపికోర్ ఆయనకు యావజ్జీవం వేసింది. రాజకీయులకు వణుకు పుట్టింది ఇలాంటి చోటే. 2019లో చట్టం మార్చి కేపీకే ఉద్యోగుల్ని ప్రభుత్వోద్యోగుల్ని చేసి, ఆ చేతిని ప్రభుత్వం కిందకు తెచ్చారు. కోర్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

మనకూ ఏసీబీ కోర్టులున్నాయి. కానీ అధికారి తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తు మొదలుపెట్టాలంటే 2018 నుంచి 17ఎ సెక్షన్ కింద ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడే పట్టుకుంటే అక్కర్లేదు. అందుకే వీఆర్వో ఇట్టే వలలో పడతాడు. ఒక్క సంతకంతో కోట్లు మళ్లించినవాడి ఫైలు సచివాలయంలో అనుమతి కోసం ఆగి ఉంటుంది.